ఆయం వద్దన్న ఏడాది

పోయినవాళ్ల గురించి రాసేటప్పుడు మాటలు వాటంతటవే తియ్యగా అయిపోతాయి. మా ఆయన గురించి అట్లా రాయడం నాకిష్టం లేదు. ఆయన పోయిన నెలలో ఒక బంధువుకు ఉత్తరం రాస్తూ "తృప్తి గల మనిషి" అని రాశాను. రాసి, కవరు అంటించాక ఆ మాట మీద నాకే అనుమానం వచ్చింది. ఆయన తృప్తి ఎట్లాంటిదో, దాన్ని ఊరు ఏమనుకుందో, నేనేమనుకున్నానో ఉన్నదున్నట్టు రాయాలనిపించింది.

నేను బళ్లారి కంటోన్మెంటు వైపు పుట్టి పెరిగాను. మా నాన్న ఒక అచ్చాఫీసులో అక్షరాలు పేర్చే పని చేసేవాడు. తప్పులు పడి పక్కన పడేసిన కాగితాలు ఇంటికి తెచ్చేవాడు. నేను చదవడం నేర్చుకున్నది వాటిమీదే. కథ మొదలు ఉంటే చివర ఉండేది కాదు, చివర ఉంటే మొదలు ఉండేది కాదు. నాన్న మంచివాడే. కానీ "నాకేం కావాలమ్మా, ఇంత సంగటి ఉంటే చాలదా" అంటూ తిరిగేవాడు, సాయంత్రం చెయ్యి పట్టుకుంటే నెయ్యి దోసె వాసన వచ్చేది. అందువల్ల చాలు అనే మాట ఎవరి నోట విన్నా ముందు చెయ్యి వాసన చూడాలనిపించేది నాకు.

తుంగభద్ర కాలువ మా వైపు పారిన కొత్తలో నాకు పెళ్లయింది. అప్పటికే మా జిల్లా మైసూరు రాష్ట్రం వైపు పోయింది. మా ఆయన వాళ్లు సిరుగుప్ప తాలూకాలో తరాలుగా ఉన్న తెలుగువాళ్లు. సొంత భూమి లేదు. జొన్న చేలల్లో కూలికి పోయేవాళ్లు. ఆ ఇంట్లో నెల జీతం చూసిన మొదటి మనిషి ఈయన. కాలువ మీద లస్కరు ఉద్యోగం. అంటే పిల్లకాలువ గట్టు వెంట నడుస్తూ, ఎవరి వంతు ఎప్పుడో ఆ ప్రకారం తూముల తలుపులు ఎత్తడం, దించడం. ఉండటానికి గట్టు పక్కనే రాతి గోడల గది ఒకటి ఇచ్చారు. ఏటి ఒడ్డున ఉన్న కెంచనగుడ్డ నుంచి గాలి వీస్తే ఆ గదిలో దీపం నిలిచేది కాదు.

ఆయనకు ఆ పని నచ్చింది. అది దాచుకోవడం కూడా ఆయనకు చేతకాలేదు. తూము మరకు ఆముదం పూసేవాడు. పూసిన తర్వాత ఒక్కసారి తిప్పి చూసి, మళ్లీ యథాస్థానానికి తెచ్చేవాడు. గట్టు మీద తుంగ పెరిగితే చెప్పకపోయినా కోసేవాడు. నడుస్తూ ఏదో కూనిరాగం తీసేవాడు, అది ఏ పాటో నాకు ఎప్పుడూ తెలియలేదు. జీతం వచ్చిన రోజు సిరుగుప్పకు పోయి జొన్నలు, శనగనూనె, కిరసనాయిలు తెచ్చి మిగిలింది నా చేతిలో పెట్టేవాడు. తర్వాత దాని గురించి అడిగేవాడు కాదు. ఏదన్నా కొనాలనిపిస్తే "ఉండాదా?" అనేవాడు. లేదంటే ఆ సంగతే మరిచిపోయేవాడు.

డబ్బు గురించి అడగని మొగవాణ్ని నేను అంతవరకు చూడలేదు. ఇంకెక్కడో ఉంటేనే కదా ఇక్కడిది అడగడు అనుకున్నాను.

మా పిల్లకాలువకు పై భాగంలో కోస్తా నుంచి వచ్చిన కుటుంబాలు ఉండేవి. వాళ్లు అక్కడ పొలాలు కొని, కొట్టాలు వేసుకుని వరి పెట్టారు. ఆ చోటును అందరూ క్యాంపు అనేవాళ్లు. కాలువ కొసన మాత్రం మావాళ్లు. నిన్నటిదాకా జొన్న, పత్తి వేసి, క్యాంపువాళ్లను చూసి కొత్తగా వరి మొదలుపెట్టారు. లస్కరు లోకలోడు కాబట్టి నీళ్లన్నీ కొసకు తోలేస్తాడని క్యాంపువాళ్ల అనుమానం. రోజూ క్యాంపు మీదుగా నడుస్తాడు, వాళ్ల చావిట్లో కూచుంటాడు కాబట్టి మనోడు మనోడు కాకుండా పోయినాడని కొసవాళ్ల అనుమానం. ఈయన మధ్యలో నడిచేవాడు.

మొదటి పంట నూర్చినప్పుడు అసలు సంగతి మొదలైంది.

మా పల్లెల్లో ఆయం అని ఒకటి ఉంది. కమ్మరి, వడ్రంగి, చాకలి, మంగలి, చెరువు నీళ్లు పంచే నీరుగంటి, వీళ్లకు ఊరు జీతం ఇవ్వదు. పంట నూర్చినప్పుడు కళ్లం దగ్గర ఇంతని గింజలు కొలిచి ఇస్తారు. అదే ఆయం. అది దానం కాదు, లంచం కాదు. ఇచ్చినవాడికి అడిగే హక్కు, పుచ్చుకున్నవాడికి చెయ్యవలసిన పని. కాలువ కొత్తది, లస్కరు కొత్తవాడు, అయినా ఊరి లెక్కలో ఆయన నీరుగంటే. కోస్తావాళ్ల వైపూ ఇట్లాంటి పద్ధతి ఏదో ఉందట. కాబట్టి రెండు వైపుల నుంచీ వడ్ల సంచులు మా గది ముందుకు వచ్చాయి.

మా ఆయన అన్నీ తిరిగి పంపించాడు. "సర్కారు జీతమిస్తాంది గదా. రెండు సార్లు ఎట్ల తీసుకుందును?" అన్నాడు. ఆయనకు అది చాలా సులభమైన విషయంగా కనిపించింది.

మరునాడు క్యాంపు పెద్దాయన స్వయంగా వచ్చాడు. తెల్ల పంచె, చేతిలో గొడుగు. ఆయన మాటే క్యాంపులో చెల్లేది.

"ఏమయ్యా, తక్కువైందనా పంపించేశావు? అలా అయితే చెప్పొచ్చుగా. మొహమాటం దేనికి?"

"తక్కువ గాదు పెద్దయ్యా. వద్దు, అంతే."

"వద్దంటే ఏంటి? వడ్లు వద్దా? పోనీ బెల్లం పంపమంటావా?"

"ఏమీ వద్దు."

పెద్దాయన నా వైపు తిరిగాడు. "అమ్మాయ్, నువ్వన్నా చెప్పు. మీ ఆయనకు ఏం కావాలట?"

నాకూ అదే ప్రశ్న ఉంది. పెద్దాయన గొడుగు కొనతో నేల మీద గీస్తూ కాసేపు నిలబడి, "సరేలే, మాకన్నా ముందు ఎవరిదో పెద్ద చెయ్యే పడుంటుంది" అని వెళ్లిపోయాడు.

కొస నుంచి వచ్చినవాడు ముసలివాడు, మా ఆయనకు వరసకు మామ. ఈయన తండ్రితో కలిసి కూలికి పోయినవాడు. చిన్నప్పుడు ఈయన్ను భుజాన మోసినవాడు. గొంగడి కప్పుకుని గడపలో కూచుని ముందు తిట్టాడు.

"ఏంరా అప్పా, మా వడ్లు నీ నోటికి రుచించవా? క్యాంపోళ్ల సన్నబియ్యం మరిగినావా?"

"వాళ్లవీ తీసుకోలేదు మామా. అడుగు పోయి."

"అడిగితిని. వాళ్లూ నువ్వు తీసుకోలేదనే అంటాండారు. ఇద్దరూ ఒకటే మాట చెప్తాండారంటే ఇద్దరూ మాట్లాడుకుని చెప్తాండారని గదా."

"ఇది యాడి న్యాయం మామా?"

"ఆయం వద్దన్నోడు ఊరే వద్దన్నోడు. నీ తండ్రి బతికుంటే కొలిచి పోయించుకుని, ఇంకో దోసెడు పొయ్యండప్పా అని అడిగేటోడు. సాకులే." మామకు కోపం వచ్చినప్పుడు కన్నడం వచ్చేది. సాకు అంటే చాలు. లేచి గొంగడి దులుపుకుని పోయాడు.

ఇక మాటలు పుట్టాయి. లస్కరుకు రాయచూరు వైపు ఎక్కడో భూమి కొనిపెట్టారని ఒక మాట. క్యాంపువాళ్లు ఆయన పేరు మీద సిరుగుప్పలో మిల్లులో వాటా పెట్టారని ఇంకో మాట. మిల్లులో వాటా ఉన్నవాడి భార్య ఒకే చీర ఉతికి ఆరేసి కట్టుకుంటుందా అని ఎవరూ అడగలేదు. అడిగి ఉంటే, "అదంతా కనపడేదానికి" అని ఉండేవాళ్లు. బీదతనం కూడా సాక్ష్యంగా పనికిరాదని నాకు అప్పుడే తెలిసింది.

ఒక రోజు రొట్టెలు తట్టుతూ నేను సూటిగా అడిగాను. "నిజం చెప్పు. ఎక్కడన్నా పెట్టినావా?"

ఆయనకు కోపం రాలేదు. ఆలోచించాడు. నిజంగానే ఎక్కడన్నా పెట్టి మరిచిపోయానేమో అన్నట్టు ఆలోచించాడు. "లేదుమే," అన్నాడు. "నాకు ఈ పని బాగుండాది. జీతమొస్తాంది. ఇంకేం పెట్టాల?"

నేను నమ్మానా? సగం. మిగతా సగంతో ఆయన చొక్కా ఉతికేటప్పుడు జేబు తడిమాను. ఆముదం మరక తప్ప ఏమీ లేదు.

రెండో పంట పొట్టకు వచ్చిన వేళకు పై కాలువలోనే నీళ్లు తగ్గాయి. డ్యాము దగ్గర ఏదో మరమ్మతు అన్నారు. కారణం అందరికీ తెలుసు, అధికారులు దండోరా కూడా వేయించారు. అయినా ఎవరి చేను ఎండితే వాళ్లకు కారణం దగ్గరలోనే కావాలి. డ్యాము దూరం, లస్కరు దగ్గర.

క్యాంపువాళ్లు పెద్ద తూము దగ్గర ఒక మనిషిని కాపలా పెట్టారు. లావుపాటి మనిషి, గొడుగేసుకుని మడత కుర్చీలో కూచునేవాడు. అది తెలిసి కొసవాళ్లు ఎదురు గట్టు మీద మామను పెట్టారు. ఆయన గొంగడి పరుచుకుని కూచునేవాడు. మా ఆయన వచ్చి మర తిప్పితే ఇద్దరూ మెడలు చాచి చూసేవాళ్లు.

"ఏవండీ లస్కరుగారూ, ఇంకో చుట్టు తిరిగినట్టుంది?"

"లేదప్పా, నిన్నటంతే."

"నిన్న మర కిర్రుమంది, ఇవాళ అనలేదు."

"ఆముదమేసినా."

ఎదురు గట్టు నుంచి మామ అందుకునేవాడు. "ఆముదమంట! కాలువ మరకు సొంత ఆముదం ఎవడేస్తాడప్పా? ఏదో ఉండాది."

"అదేనండీ నేనూ అనేది," అనేవాడు గొడుగు మనిషి.

మా ఆయన మీద అనుమానపడటంలో వాళ్లిద్దరికీ స్నేహం కుదిరింది. మధ్యాహ్నం గొడుగు మనిషి కాలువ దాటి వచ్చి తన ఆవకాయ మామకు ఇచ్చేవాడు, మామ జొన్నరొట్టె ముక్క ఇచ్చేవాడు. వంతు ప్రకారం తూము దించి, నీళ్లు కొసకు వదిలి, మా ఆయన గట్టు వెంట నడిచిపోయేవాడు. కూనిరాగం మాత్రం తియ్యడం మానేశాడు. సంతోషంగా కనిపిస్తే అది కూడా లెక్కలోకి వస్తోందని గమనించాడనుకుంటాను.

రెండు వైపులవాళ్లూ కలిసి ఆయన మీద ఒకే అర్జీ పెట్టుకున్నారు. రెండు వైపులా కలిసి చేసిన మొదటి పని అదే. ఇంజనీరు జీపులో వచ్చాడు. కన్నడం మనిషి, తెలుగు కలిపి మాట్లాడేవాడు. మా గది ముందే నిలబడి విచారణ చేశాడు. నేను తలుపు వెనక ఉన్నాను.

"ఏం తీసుకున్నావప్పా వీళ్ల దగ్గర?"

"ఏమీ లేదు సార్."

"హౌదు, నిజమే. కంప్లైంటు కూడా అదే. ఏమీ తీసుకోడు, కాబట్టి ఎక్కడో తీసుకుంటాడు అని రాశారు." ఆయన టోపీ తీసి తల తుడుచుకున్నాడు. "తిన్నాడని అర్జీ వస్తే ఏం చెయ్యాలో రూలు ఉంది. తినలేదని వస్తే ఏన్ మాడలి నేను?"

ఇంజనీరు టోపీ మళ్లీ పెట్టుకున్నాడు.

"పంట నూర్పిళ్లు అయ్యాక మళ్లీ వస్తాను. అప్పుడూ రెండు వైపులవాళ్లూ నువ్వు వద్దంటే, నిన్ను తీసెయ్యక తప్పదు. నీ ఉద్యోగం ఇంకా ఖాయం కాలేదు. వేరే కాలువ మీద జాగా లేదు."

అంతే. ఆ మాటకు అర్థం నాకు వెంటనే తెలిసింది. ఉద్యోగం పోతే గది పోతుంది. మళ్లీ కూలి. నేను కడుపుతో ఉన్నాను.

ఇంజనీరు కొస చూడటానికి నడిచి వెళ్లినప్పుడు జీపు డ్రైవరు, ఒక సాయబు, నా దగ్గర మంచినీళ్లు అడిగి తాగి మా ఆయనతో అన్నాడు. "అరే భాయ్, ఏదో థోడా తీసుకోరాదూ? నువ్వు తీసుకుంటే వాళ్లందరికీ నిద్రొస్తాది."

ఆ మాట మా ఆయన నవ్వకుండా విన్నాడు. మూడో రోజు నన్నే అడిగాడు.

"జీతమిచ్చేటోళ్లు తీసుకోవద్దంటారు. నీళ్లు పారించుకునేటోళ్లు తీసుకోకుంటే కుదరదంటారు. నువ్వేమంటావుమే?"

"నాకు ఈ గది కావాలి," అన్నాను. అదే నిజం. ఆయన ధర్మం గురించి నాకు అప్పుడు ఆలోచన లేదు.

"సంచులు తీసుకుంటే ఒకడిది పెద్దది, ఒకడిది చిన్నది ఐతాది," అన్నాడు. కాసేపు తన రెండు చేతులూ చూసుకున్నాడు. "దోసిలి ఐతే ఒకటే గదా. చేతులు మారవు."

నూర్పిళ్లప్పుడు ఆయన పై నుంచి కొస దాకా ప్రతి కళ్లానికీ పోయాడు. ప్రతిచోటా నలుగురు చూస్తుండగా వంగి, రాశిలోంచి ఒక్క దోసెడు వడ్లు తీసి సంచిలో వేసుకున్నాడు. క్యాంపు పెద్దాయన కళ్లంలో కూడా అంతే. "ఇంతేనా? ఇంకా తీసుకోవయ్యా" అని పెద్దాయన బతిమాలాడట. మామ అయితే ఆ దోసెడు సంచిలో పడటం చూసి, "ఇప్పుడు నీరుగంటివైతివిరా" అని ఈయన వీపు చరిచాడట.

దాంతో అనుమానం తీరిపోయిందని అనుకోవద్దు. అది చిన్నదయింది, అంతే. క్యాంపు ఆడవాళ్లు కాలువ దగ్గర గుడ్డలు ఉతుకుతూ మాట్లాడుకోవడం నేను విన్నాను.

"మా దగ్గర వేళ్లు ఎడంగా పెట్టాడే. సగం గింజలు కారిపోయాయి."

"మా దగ్గర కుప్పగా తీశాడు. మీకన్నా మేమే దగ్గరనుకున్నాడేమో."

"దగ్గరేంటి, నీ మొహం. మీవి తాలు గింజలు, అందుకే కుప్పగా తీశాడు."

నవ్వులు. ఇట్లాంటి అనుమానంతో మనుషులు బతకగలరు. ఎంత తీసుకున్నాడో కళ్లతో చూశారు, దాని మీద తగువులాడుకోవచ్చు. ఏమీ తీసుకోనివాడితో తగువులాడటానికి కూడా చోటు లేదు. వాళ్లను భయపెట్టింది అదేనని నాకు ఇప్పుడనిపిస్తుంది.

ఇంజనీరు చెప్పినట్టే వచ్చాడు. పెద్దాయన, మామ పక్కపక్కనే నిలబడి, "మంచి మనిషి సార్, ఏమీ గొడవ లేదు" అన్నారు. దోసెడు సంగతి ఎవరూ ఎత్తలేదు. ఇంజనీరు కూడా అడగలేదు. డ్రైవరు మాత్రం మా ఆయన వైపు చూసి కన్ను గీటాడు. ఉద్యోగం నిలిచింది. గది నిలిచింది.

సంచి మిగిలింది. అన్ని కళ్లాల వడ్లు అందులో కలిసిపోయాయి. కోస్తావాళ్ల సన్నాలు, మావాళ్ల ఎర్రటి మోటు వడ్లు, ఇంకా పేరు తెలియనివి. మిల్లుకు తీసుకుపోతే మిల్లువాడు గుప్పెట పట్టి చూసి తిట్టాడు. "ఇది వడ్లా, సంతా? ఏ వడ్లకు బిగించాలమ్మా మర?" ఆడించినప్పుడు సన్నవి నూకయ్యాయి, మోటువి పొట్టు పోలేదు. చాటలో ఎంత చెరిగినా తేడా పోలేదు. ఎసట్లో వేస్తే కొన్ని జావ అయ్యాయి, కొన్ని పలుకుగా మిగిలాయి.

"కోళ్లు ఉన్నవాళ్లకు ఇచ్చేద్దాం," అన్నాను. "జొన్నలు ఉన్నాయి కదా మనకు."

"వద్దు. తీసుకున్నాక తినాల. పారేసినామని తెలిస్తే మళ్లీ మొదలైతాది."

వడ్డించాను. ఆయన ముద్ద పెట్టుకోబోయి ఆగి, "తలుపు తెరువు" అన్నాడు.

"గాలి కొడుతోంది."

"కొట్టనీ. తింటాండేది కనపడాల."

తలుపు తెరిచాను. వెలుతురు ఇంకా ఉంది. గట్టు మీద మనుషులు ఇళ్లకు పోతున్నారు. ఆయన గడపకు ఎదురుగా పీట జరుపుకుని కూచున్నాడు. పలుకు గింజలు పళ్ల కింద పడిన చప్పుడు నాకు వినిపిస్తూనే ఉంది. మామ ఎద్దులు తోలుకుని పోతూ నిలబడి లోపలికి తొంగిచూశాడు.

"ఏంరా, మావేనా?"

"అందరివీ మామా."

"మావి యావో తెలుస్తాండాయా?"

"తెలుస్తాండాయి. ఎర్రవి."

"ఎట్లుండాయి?"

"బాగుండాయి."

మామ పళ్లు లేని నోటితో నవ్వి, ఎద్దులను అదిలించి పోయాడు. మా ఆయన ఆ అడుగుల చప్పుడు పోయేదాకా నమలకుండా కూచున్నాడు. తర్వాత నా వైపు చూశాడు. ఎదుటివాళ్లు తన గురించి ఏమనుకున్నారో పెళ్లయినప్పటి నుంచి ఆయన నన్ను ఎప్పుడూ అడగలేదు.

"నమ్మినాడంటావామే?"

నాకు తెలియదు. నమ్మాడనే చెప్పాను. ఆయన కంచం ఖాళీ చేసి, ఇంకొంచెం పెట్టమన్నాడు.